మన అబ్బాయి నంబరు 18

మా బాబాయి ఏ పట్టికనైనా కిందనుంచి చదువుతాడు. పరీక్షల ఫలితాలైనా, ఎన్నికల ఫలితాలైనా, ఆఖరికి హోటల్లో మెనూ కార్డైనా సరే. "పైనున్నవాళ్ళని చూడ్డానికి ఊరంతా ఉందిరా. అట్టడుగున ఉన్నవాడు ఎలా ఉన్నాడో కూడా ఎవరో ఒకరు చూడాలిగా" అంటాడు. మాట గొప్పదే. మెనూ కార్డు దగ్గర మాత్రం ఈ సూత్రం వల్ల మేం చాలాసార్లు ఐస్‌క్రీముతో భోజనం మొదలుపెట్టాం.

ముప్ఫై నాలుగేళ్ళు ఆయన నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చేశాడు. సైకిలు మీద వీధి వీధీ తిరగడం, మెట్ల కిందో, పెరటి గోడ వారనో, కుక్క గొలుసు సరిగ్గా అందేంత దూరంలోనో ఉండే మీటరు ముందు గొంతుక్కూర్చుని అంకెలు రాసుకోవడం. "ఈ ఊళ్ళో ప్రతి ఇంటి వెనకవైపూ నాకు తెలుసు. ముందునుంచి చూపిస్తే ఎవరిల్లో చెప్పలేను" అనేవాడు. రిటైరయ్యాక కూడా ఎవరింటికైనా వెళ్తే కాళ్ళు వాటంతటవే పెరటివైపు తిరిగేవి. నా పెళ్ళిచూపులకి కూడా అలాగే వెనకనుంచి వచ్చాడు. ఆడపెళ్ళివాళ్ళు కాసేపు ఆయన్ని మీటరాయనే అనుకుని, చూసుకోమని దారి చూపించారు. ఆయన చూసి, అంకెలు చెప్పి మరీ వచ్చి కూర్చున్నాడు.

పిన్నిది బట్టలు బాగుచేసే కొట్టు. కుట్టడం కాదు, బాగుచేయడం. తెగిన జిప్పులు, చిరిగిన మోకాళ్ళు, మనిషి లావైతే వదులు చేయడం, చిక్కితే బిగించడం. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో పదిహేడు మెట్లు. మెడలో ఎప్పుడూ అరవై అంగుళాల టేపు వేలాడుతుంటుంది. ఒకసారి తొందరలో నెక్లెసు మర్చిపోయి టేపుతోనే పెళ్ళికెళ్ళింది. ఆ పెళ్ళి ఫొటోలన్నిట్లో ఉంది ఆ టేపు.

వీళ్ళిద్దరికీ ఒక పిచ్చి. ఏటా మూడు వారాలపాటు జరిగే పెద్ద సైకిలు రేసు. ఇరవై ఒక్క రోజులు, రోజుకో ఊరినుంచి ఇంకో ఊరికి, కొండలూ లోయలూ దాటుకుంటూ నూట డెబ్భై మందికి పైగా తొక్కుతారు. లోకమంతా ఎవరు గెలుస్తారని చూస్తుంది. మా వాళ్ళు మాత్రం మొదటిరోజు సాయంత్రం ఫలితాల పట్టిక తెచ్చుకుని, అలవాటు ప్రకారం కిందనుంచి చదువుతారు. అందరికంటే ఆఖర్న ఉన్నవాడే ఆ ఏటికి "మన అబ్బాయి". వాడు ఏ దేశంవాడో, పేరెలా పలకాలో అక్కర్లేదు. వాడు రేసు మానేస్తే ఆ రోజు చివరివాడు ఆ స్థానంలోకి వస్తాడు. ఒక ఏడాది మూడు వారాల్లో ఐదుగురు అబ్బాయిలు మారారు. పిన్ని ఐదుగురి కోసమూ కళ్ళు తుడుచుకుంది.

ఆ మూడు వారాలూ మధ్యాహ్నాలు బాబాయి పైన టీవీ ముందు, పిన్ని కింద మిషను ముందు. ఇద్దరి మధ్యా ఒక చేతికర్ర తంతి పని చేసేది. నేల మీద ఒక్క దెబ్బ అంటే మంచినీళ్ళు. రెండంటే ఒకసారి పైకి రా. మూడంటే రేసులో ఏదో జరిగింది, చేతిలో ఉన్నది చేతిలోనే పడేసి రా. ఖాతాదార్లందరికీ ఈ లెక్క తెలుసు. మూడు దెబ్బలు వినపడగానే వాళ్ళే "వెళ్ళండి వెళ్ళండి, మేం కూర్చుంటాం" అనేవాళ్ళు. ఒకాయన్ని నడుము కొలుస్తూ కొలుస్తూ అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. పిన్ని తిరిగొచ్చేదాకా ఆయన పొట్ట లోపలికి పీల్చుకునే నిలబడ్డాడని ఎదురు సెలూన్ ఆయన ఇప్పటికీ చెబుతాడు.

ఈ పిచ్చి వెనక ఇంకో కథ ఉంది. బాబాయి ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒకే ఒక్కసారి రేసులో పాల్గొన్నాడు. నూట ఇరవై కిలోమీటర్లు. మధ్యలో గొలుసు తెగింది. మిగతా దారంతా నడిచి ఈయన వచ్చేసరికి రేసు ముగిసి రెండు గంటలైంది. బహుమతులిచ్చేశారు, బల్లలెత్తేశారు, జనం వెళ్ళిపోయారు. ముగింపు గీత దగ్గర ఒకమ్మాయి మాత్రం స్తంభానికి కట్టిన బ్యానరు విప్పుతోంది. బ్యానరు కుట్టిన దర్జీ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల. గుడ్డ అద్దెది, సాయంత్రంలోగా తిరిగిచ్చేయాలి. ఒక కొస అప్పటికే విప్పేసింది.

సైకిలు భుజానేసుకుని వస్తున్న మనిషిని చూసి, "మీరు రేసులోవాళ్ళేనా?" అని అడిగింది.

"అలాగే మొదలుపెట్టాను" అన్నాడు బాబాయి.

"ఆగండి, ఆగండి" అని ఆ పిల్ల విప్పిన కొస పట్టుకుని, స్తంభం అందక, మునివేళ్ళ మీద నిలబడి చేత్తోనే ఎత్తి పట్టుకుంది. ఈయన దాని కిందనుంచి నడిచి వెళ్ళాడు. అంతే.

తను చప్పట్లు కూడా కొట్టిందని బాబాయి అంటాడు. "రెండు చేతులతో బ్యానరు పట్టుకుని చప్పట్లు దేంతో కొడతాను, కాళ్ళతోనా?" అంటుంది పిన్ని. నలభై ఏళ్ళుగా ఈ తగువు తేలలేదు. తేల్చుకోవాలని ఇద్దరికీ లేదు.

ఇక అసలు సంగతి. నాలుగు నెలల క్రితం బాబాయి పడ్డాడు. ఊళ్ళోవాళ్ళందరి పెరటి నాచు మీదా పదిలంగా నడిచిన మనిషి సొంత స్నానాల గదిలో సబ్బునీళ్ళ మీద జారాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది. వాకరిచ్చారు. వారానికి మూడుసార్లు ఒక ఫిజియో అమ్మాయి వచ్చి నడిపించేది. గదిలో పన్నెండు చుట్లు బాగానే తిరిగేవాడు. పదమూడో చుట్టులో తలుపు దాటి మెట్ల దాకా వెళ్దామంటే మాత్రం ఎక్కడలేని అడ్డంకులూ వచ్చేవి. ఇవాళ మబ్బుగా ఉందమ్మా. ఇవాళ చెప్పు పట్టీ వదులైంది. ఇవాళ వార్తల్లో ముఖ్యమైంది ఏదో చెబుతారట.

"భయమేస్తోందా బాబాయ్?" అన్నాన్నేను ఒకరోజు, నా తెలివితక్కువతనం కొద్దీ.

"నాకా? భయమా? మూడొందల కుక్కల్ని చూసినవాణ్ణిరా నేను" అన్నాడు. 

ఫిజియో అమ్మాయి ఒకరోజు వెళ్తూ వెళ్తూ కొట్లో ఆగి గొంతు తగ్గించి చెప్పింది. "ఎముకకి ఏం లేదాంటీ, బాగా అతుక్కుంది. మెట్టు కనపడగానే అంకుల్ మొహం చూడండి, అక్కడుంది జబ్బు. ఇంకో నెల ఇలాగే కూర్చుంటే కాలు కూర్చోవడానికే అలవాటుపడిపోతుంది. తర్వాత నేనొచ్చినా ఏం చేయలేను."

ఆ పిల్ల వెళ్ళాక పిన్ని సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నించింది. "ఆ గదిలోనే ఉండిపోతారేమోరా" అంది, సూది వంకే చూస్తూ. పైనుంచి కర్ర ఒక్క దెబ్బ వినిపించింది. మంచినీళ్ళు. లేచి వెళ్ళింది.

అలాంటి ఏడాదే, అన్నేళ్ళలో మొదటిసారి, ఆ పెద్ద రేసు మా ఊరి మీదుగా వెళ్తుందని ప్రకటించారు. మా ఊరంటే ఊరు కూడా కాదు, సరిగ్గా మా వీధి మొగ ముందునుంచే. ఊరినానుకుని ఉన్న కొండ మీదికి పోయే రోడ్డు మా వీధి చివర తగులుతుంది. పదిహేనో రోజు ఆ కొండెక్కుతారట. బాబాయింటినుంచి ఆ మూలకి నా అడుగులతో అరవై ఐదు అడుగులు. నేను కొలిచాను. పిన్ని కొలవమంది.

రేసు మొదలైంది. మొదటిరోజు పట్టిక కింద వరసలో ఉన్నది 18వ నంబరు కుర్రాడు. తన జట్టులో ఆఖరి నంబరు. వాడి పని గెలవడం కాదు. వెనకొచ్చే కారు దగ్గరికి వెళ్ళి నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని, ముందుకు తొక్కి తమ నాయకుడికీ మిగతావాళ్ళకీ అందించి రావడం. నాలుగో రోజు పడ్డాడు. మోచేతికి కట్టు కట్టించుకుని లేచి తొక్కాడు. పద్నాలుగు రోజులైనా చివరి స్థానం ఎవరికీ వదల్లేదు.

"ఏం పట్టుదలే వాడిది!" అన్నాడు బాబాయి మురిసిపోతూ.

"పడ్డాడు, లేచాడు" అంది పిన్ని.  బాబాయికి తగలాల్సిన చోట తగిలినట్టుంది, టీవీ సౌండు పెంచాడు.

రేసు మా ఊళ్ళోకి వచ్చే ముందురోజు పిన్ని అసలు మాట ఎత్తింది. "రేపు మూల మీద కుర్చీ వేయిస్తాను. మెల్లిగా దిగుదురుగాని. వీడూ నేనూ చెరోవైపు పట్టుకుంటాం."

"టీవీలో ఇంకా బాగా కనిపిస్తుందే. పైనుంచి హెలికాప్టర్లో చూపిస్తారు."

"ముందున్నవాళ్ళని చూపిస్తారు. మన అబ్బాయిని టీవీలో ఎప్పుడైనా చూపించారా?"

 బాబాయి వాకరు మీద చేతులు పెట్టుకుని, మెట్ల వైపు కాకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. "మీరిద్దరూ వెళ్ళి చూసి వచ్చి చెప్పండి" అన్నాడు చివరికి. పిన్ని ఆయన చొక్కా గుండీ ఒకటి వదులుగా ఉంటే, అక్కడే నిలబెట్టి బిగించింది.

సరే, మేం చేయగలిగింది మేం చేద్దామనుకున్నాం. రేసు వెళ్ళే రోడ్ల మీద అభిమానులు తమవాడి నంబరు పెద్దపెద్దగా రాస్తారు కదా. మునిసిపాలిటీవాళ్ళు కూడా ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. సున్నంతోనే రాయాలి, ఒక్క వానకి పోవాలి.

పిన్ని నంబరు రాయలేదు, కత్తిరించింది. బట్ట కత్తిరించే ముందు కొలతకి పెట్టే దళసరి కాయితాలు నాలుగు అతికించి, రెండు మీటర్ల పొడవున అంకెలు తీసింది. "ఒకటంటే ఏముందిరా, ప్యాంటు కాలు. ఎనిమిదంటే కిందో చంక గుండ్రం, మీదో చంక గుండ్రం." మధ్య భాగం తీసేసి అచ్చులా రోడ్డు మీద పరిస్తే, ఆ ఖాళీలో సున్నం పూయడమే. రేసు రోజు పొద్దున్నే మూల మీదకెళ్ళి, నాలుగడుగులు కిందికి దిగి కాయితాలు పరిచాం.

ఇక్కడ పిన్ని ఒక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న నేను బతికున్నంతకాలం మర్చిపోను.

"ఒరేయ్, తలవైపు ఎటు పెట్టను?"

నేను ఒక పత్రికలో అచ్చుకెళ్ళే కాయితాల్లో తప్పులు దిద్దే ఉద్యోగం చేస్తాను. ఇరవై రెండేళ్ళ అనుభవం. నడుం మీద చేయి పెట్టుకుని చెప్పాను. "మనకి తిన్నగా కనిపిస్తే అందరికీ తిన్నగానే కనిపిస్తుంది పిన్నీ."

మేం పైనుంచి దిగాం. కిందివైపు చూస్తూ నిలబడ్డాం. మాకు తిన్నగానే కనిపించింది. దివ్యంగా ఉంది. నేను నాలుగు ఫొటోలు కూడా తీశాను. సైకిళ్ళవాళ్ళు కిందనుంచి పైకి ఎక్కుతారన్న విషయం, అంటే మా ఎదురుగా వస్తారన్న విషయం, ఆ క్షణంలో నా ఇరవై రెండేళ్ళ అనుభవంలో ఎక్కడా తట్టలేదు.

18ని తలకిందులు చేస్తే ఏమవుతుందో మీరు ఒక కాయితం మీద రాసి తిప్పి చూసుకోవచ్చు. ముఖ్యంగా ఒకటిని ప్యాంటు కాలులా తిన్నగా గీస్తే.

మధ్యాహ్నానికి మూలంతా జనం. పిన్ని కొట్లోంచి కుర్చీ తెచ్చి రోడ్డు వారన వేసింది. ఖాళీగా. కూర్చోవచ్చా అని ముగ్గురడిగారు. "మనిషి వస్తున్నారు" అని చెప్పింది ముగ్గురికీ. కుర్చీకి కాపలా నేను. సెలూన్ ఆయన 81 అని రాసిన జెండా పట్టుకుని మా పక్కనే చేరాడు. 81 అంటే పేరుమోసిన మొనగాడు, గెలిచేవాళ్ళలో ఒకడు. సెలూన్ గోడంతా వాడి బొమ్మలే. ఏటా మా వాళ్ళకీ ఆయనకీ మాటల యుద్ధం.

"ఏంటండీ, ఈసారి కూడా పనికిరానివాణ్ణే పట్టుకున్నారా?"

"మీ వాడికి దాహమేస్తే నీళ్ళు మోసేది అలాంటి పనికిరానివాడేగా" అంది పిన్ని.

ముందు మోటారు సైకిళ్ళు, తర్వాత కార్లు, పైన హెలికాప్టరు. ఆ గాలికి సెలూన్ ఆయన విగ్గు లేచింది. ఆయనకి విగ్గుందని మాకు ఆ రోజే తెలిసింది. పది పన్నెండు మంది గుంపుగా దూసుకొచ్చారు. అందులో 81 కూడా ఉన్నాడు. రోడ్డు మీద అంకెలు చూశాడు, మా వైపు తిరిగాడు, బొటనవేలెత్తి నవ్వాడు. వెళ్ళిపోయాడు.

సెలూన్ ఆయన నన్ను వాటేసుకున్నాడు. "నా మనిషికి రాశారా! ఇన్నేళ్ళూ చివరివాడు చివరివాడని నన్ను ఏడిపించి, లోపల ఇంత ప్రేమ దాచుకున్నారా!"

ఆయనకి ఎండదెబ్బ తగిలిందనుకున్నాను. అయినా ఎందుకో మనసు కీడు శంకించి, మెల్లిగా జనం వెనకనుంచి కిందికి పదడుగులు వేసి, వెనక్కి తిరిగి చూశాను.

81.

తేలుకుట్టిన దొంగలా తిరిగొచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాను. పిన్ని, "ఏంటిరా, మొహం అలా ఉంది?" అంది. "ఎండ" అన్నాను. చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ ఖాళీ కుర్చీ మీద పడ్డ ఆకు తీసేసి, చేత్తో తుడుస్తోంది. 

తర్వాత అరగంటలో గుంపులు గుంపులుగా వెళ్ళారు. చివరి పెద్ద గుంపు పోయాక జనం జెండాలు చుట్టుకోవడం మొదలుపెట్టారు. 18 రాలేదు. "ఉందాం" అంది పిన్ని. ఉండక చస్తామా.

అప్పుడు మా వీధిలోంచి ఒక చప్పుడు. టక్కు, జర్రు. టక్కు, జర్రు.

వీధి మధ్యలో బాబాయి. ఒంటి మీద ఇంట్లో వేసుకునే పైజమా. చొక్కా గుండీలు ఒక మెట్టు ఎగువకి పెట్టుకున్నాడు. ఒక కాలికి మేజోడు ఉంది, రెండో కాలికి లేదు. పైజమా పక్కలంతా మెట్ల దుమ్ము. వాకరు ముందుకి తోస్తూ, అడుగు వేస్తూ, అడుగుకో తిట్టు తిడుతూ వస్తున్నాడు.

"ఎవడ్రా... రాసింది... ఆ నంబరు?"

నేను సెలూన్ ఆయన వెనక్కి జరిగాను.

"పదకొండుసార్లు ఫోన్ చేశాను! ఒక్కరెత్తరు! ప్రపంచమంతా చూసింది! పైనుంచి చూపించారు, దగ్గరగా చూపించారు! ఈ ఊరివాళ్ళకి 81 అంటే ఎంత అభిమానమో చూడండని అంటున్నాడు టీవీలో వాడు! మా వీధి మొగలో! ఇన్నేళ్ళు చివరివాడి పక్షాన ఉన్న ఇంటి మొగలో! తలా తోకా తెలియకుండా ఎవడే రాసింది? ఆ మేధావేనా?"

నా ఫోను వీడియో తీయడానికని సైలెంటులో ఉంది. పిన్ని ఫోను కొట్టు సొరుగులో ఉంది. ఆయన కర్రతో నేల కూడా కొట్టాడట, మూడు కాదు, ముప్ఫై. కింద వినేవాళ్ళెవరు?

పిన్నికి ఈ తిట్లేవీ వినపడుతున్నట్టు లేదు. నంబరు వంక తిరిగి కూడా చూడలేదు. ఆయన కాళ్ళవంకే చూస్తోంది. పరిగెత్తుకెళ్ళి పట్టుకుంటుందనుకున్నాను. వెళ్ళలేదు. మెడలో టేపు తీసింది.

"ఒరేయ్, ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. వీధి మొగలో నేనొకవైపు, ఆవిడొకవైపు, మధ్యలో అరవై అంగుళాల టేపు. బాబాయి తిట్టుకుంటూనే దాని దాకా వచ్చి ఆగాడు.

"ఏంటిది?"

"దాటండి" అంది పిన్ని.

ఆయన టేపు వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. నోట్లో ఉన్న తర్వాతి తిట్టు ఏమైందో తెలియదు, బయటికి రాలేదు.

"ఆ రోజు బ్యానరు దీనికంటే వెడల్పు" అన్నాడు.

"ఆ రోజు మీరు ఇప్పటికంటే సన్నం" అంది పిన్ని.

టక్కు, జర్రు. టేపు ఆయన పొట్టకి తగిలి నా చేతిలోంచి జారిపోయింది. సెలూన్ ఆయన ఎందుకో ఏమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు.

"ఎలా దిగారు?" అంది పిన్ని. 

"దిగాను."

"నడిచేనా?"

"కొన్ని నడిచి."

"మిగతావి?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కూర్చుని." పిన్ని ఆయన వెనక్కి వెళ్ళి పైజమా మీద దుమ్ము దులిపింది. అవసరానికి మించి చాలాసేపు దులిపింది.

నంబరు సంగతి చూద్దామంటే అప్పటికే ఈల వినపడింది. రోడ్డు మీదికి ఎవరినీ రానివ్వరు. కింద మలుపులో ఒకే ఒక్క సైకిలు కనిపించింది. దాని వెనకే, తొందరేం లేనట్టు ఒక వ్యాను. రేసు మానేసినవాళ్ళని ఎక్కించుకునే వ్యాను అది. వెనకబడ్డవాళ్ళని ఊడ్చుకుపోతుందని అందరూ దాన్ని చీపురు బండి అంటారు. ఇంత సమయంలోగా గమ్యం చేరకపోతే మర్నాడు రేసులో ఉండనివ్వరు. అందుకే వాడు ఆ బండిని వీపు మీద మోస్తున్నట్టు తొక్కుతున్నాడు. మోచేతి కట్టు నల్లబడింది. చొక్కా మీద 18.

ఆ కుర్రాడు తల వంచుకుని వస్తూ రోడ్డు మీద అంకెలు చూశాడు. 81 అనే చదివాడు. మొహంలో ఏ మార్పూ లేదు. అలాంటివి పదిహేను రోజులుగా ప్రతి ఊళ్ళోనూ చదువుతున్నాడు. వాటి మీదుగానే తొక్కుకుంటూ మా ముందుకొచ్చాడు.

"18!" అని అరిచాడు బాబాయి. "ఒరే నాయనా! వెనక్కి! వెనక్కి చూడు!"

వాడికి మా భాష వచ్చా రాదా, నాకు తెలియదు. కానీ బాబాయి చేయి వాడికి కనపడింది. వాకరు మీదనుంచి ఒక చేయి తీసి, పైకెత్తి, రోడ్డు వంక చూపిస్తూ ఊపుతున్నాడు. నేనరిచాను. పిన్ని అరిచింది. సెలూన్ ఆయన 81 జెండా ఊపుతూ "18, 18" అని అందరికంటే గట్టిగా అరిచాడు.

కుర్రాడు మమ్మల్ని దాటి, అయోమయంగా, చంక కిందనుంచి వెనక్కి చూశాడు. పైనుంచి చూస్తే అది తిన్నగానే ఉంది కదా. రెండు మీటర్ల పొడవు ప్యాంటు కాలు, రెండు చంక గుండ్రాలు. 18.

నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. ఆ నవ్వుకి సైకిలు వంకరపోయి, మళ్ళీ సర్దుకుంది. కట్టు కట్టిన చేతినే పైకెత్తి ఊపాడు. పైమలుపు తిరిగేదాకా ఇంకోసారి కూడా తిరిగి చూశాడు.

బాబాయి చేయి ఇంకా గాల్లోనే ఉంది. ఒక చేత్తోనే నిలబడ్డాడు. ఆ సంగతి ఆయన గమనించలేదు. మేం చెప్పలేదు. కుర్చీ ఆఖరిదాకా ఖాళీగానే ఉంది. తిరిగి మోసుకెళ్ళాల్సింది నేనే.

ఆ సాయంత్రం 18 గడువుకి నాలుగు నిమిషాల ముందు గమ్యం చేరాడని వార్తల్లో చెప్పారు. కాదు, వార్తల్లో ఏం చెబుతారు, పట్టిక కిందనుంచి చూసుకున్నాం. చివరి వరసలో క్షేమంగా ఉన్నాడు.

మా పత్రికలో మర్నాటికి హెలికాప్టరునుంచి తీసిన ఫొటో వేశారు. కింద రాసింది: "81 కోసం ఊరంతా ఒక్కటై." ఆ కాయితం దిద్దడానికి నా బల్ల మీదికే వచ్చింది. చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాను. అక్షరదోషాలేం లేవు. టిక్కు పెట్టి పంపేశాను. పిన్నికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి.

సోమవారం రేసుకి విశ్రాంతి. మంగళవారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కొట్లో బాబాయి ఉన్నాడు. ఖాతాదార్లు కూర్చునే బల్ల మీద, పిన్ని పాత రేడియో పెట్టుకుని. పిల్లాడి నిక్కరు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకావిడకి చీపురు బండి గురించి వివరిస్తున్నాడు. ఆవిడ వెళ్ళలేక కూర్చుంది.

"పిన్నేదీ?"

"పైన. అన్నం తింటోంది. నేను తినేసి దిగాను." దిగాను అన్నమాట మామూలుగా అనడానికి చాలా కష్టపడ్డాడు. "ఈసారి కూర్చుని దిగింది మూడు మెట్లే."

రేడియోలో ఏదో గోల. బాబాయి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. కర్ర అందుకుని, బల్ల పట్టుకుని లేచి నిలబడి, కర్ర కొసతో కొట్టు పైకప్పుని కొట్టాడు.

ఒకటి. రెండు. మూడు.

పైన కంచం చప్పుడైంది. మెట్ల మీద పిన్ని అడుగులు వినపడ్డాయి, పరిగెత్తినట్టు.